పలక పట్టకముందు

మన తెలుగునాట బిడ్డ చదువు బడిలో కాక ఇంటిలోనే మొదలగుచు వచ్చినది. ఈ మాటకు రెండు వందల ఏండ్లనాటి సాక్ష్యమున్నది. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్లనుండి బడుల లెక్కలు తెప్పించినాడు. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక వానిలో పేర్కొనదగినది. ఆ జిల్లాలో నాడు 533 బడులుండగా, వానిలో 226 తెలుగు బడులు.

బిడ్డకు ఐదవ ఏడు రాగానే తలిదండ్రులు పంతులుగారిని, ఆయన శిష్యులను తమ యింటికే పిలిచెడివారని క్యాంబెల్ వ్రాసినాడు. వినాయకుని ప్రతిమ చుట్టు అందరును కూర్చుండగా, పంతులు బిడ్డ వేలు పట్టుకొని బియ్యములో దేవుని పేరు వ్రాయించెడివాడు. మరునాటినుండి బడి. బడిలోనైనను తొలుత పుస్తకము లేదు. నేలపై ఇసుక పరచి, వేలితో అక్షరములు దిద్దించెడివారు. చేయి తిరిగిన పిమ్మటనే తాటాకు, గంటము.

ఆ అక్షరాభ్యాసము నేటికిని నిలిచియున్నది. గోదావరి యెగువనున్న బాసర సరస్వతీ సన్నిధికి బొగ్గుగనుల సీమలోని కుటుంబములును బిడ్డలను తీసికొని పోవుచున్నవి. అయితే బాసరనుండి తిరిగి వచ్చిన మరునాడు ఇంటిలో ఏమి చేయవలెను? చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఇల్లెందు ప్రాంతమున 1871లో డాక్టరు విలియం కింగ్ బొగ్గు కనుగొన్న నాటినుండి, 1960 దశకమున గోదావరిఖని గనుల పట్టణముగా పెరుగు వరకు, ఎన్నో ఊళ్ల కుటుంబములు పొలము విడిచి బాయి పనికి వచ్చినవి. క్వార్టరు దొరికినది, జీతము దొరికినది. కాని కథ చెప్పు అవ్వలు అనేకులు ఊరిలోనే నిలిచిపోయినారు. తండ్రి ఒక వారము ఫస్టు షిఫ్టు, ఇంకొక వారము నైటు షిఫ్టు. ఇట్టి ఇంటిలో మూడేండ్ల బిడ్డ బస్సుపై నంబరు పోల్చినను, గోడమీద అక్షరము చూపి ఇదేమని అడిగినను తలిదండ్రుల గుండె పొంగును. తన వలె బిడ్డ బాయిలో దిగరాదన్న ఆశ తండ్రిని తొందరపెట్టును. ఆ ఆశ తప్పు కాదు. తొందరలో చురుకైన బిడ్డకు చదువుపై విసుగు పుట్టుటయే నష్టము.

ఈ విషయమున క్యాంబెల్ నివేదికయే మనకు హెచ్చరికయు చేయుచున్నది. నాటి బడిపిల్లలు ఎన్నో పద్యములను తడబడక అప్పచెప్పెడివారట. అర్థము మాత్రము పలుకులు నేర్చిన చిలుకకు తెలిసినంతయే తెలిసెడిదట. నేడు ఇంగ్లీషు రైములు అప్పచెప్పించి చుట్టములయెదుట మురియు ఇండ్లకు ఈ మాట పాతబడలేదు.

ఆ ఇసుక దిద్దుటలోని సూక్ష్మము దూరదేశమున ఒక వైద్యురాలికి మరియొక త్రోవన తోచినది. 1907 జనవరి 6న మరియా మాంటిస్సోరి రోము నగరపు శ్రామికుల వాడలో పసిపిల్లలకు ఒక నిలయము తెరచినది. ఆరేండ్లకు ముందు చదువు, వ్రాత వలదనియే ఆమె తొలుత తలచినది. చదువురాని తల్లులే వచ్చి తమ బిడ్డలకు అక్షరములు నేర్పుమని అడిగినారు. అప్పుడామె గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి, బిడ్డ వ్రేలు వానిపై నడుచుచుండగా ఆ ధ్వనిని వినిపించినది. చేయి, చెవి, కన్ను మూడును కలిసి నేర్చినవి. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు ఈ పద్ధతిని బోధించినది.

ఆ కాలముననే మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగు పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయినారు. కథ, పాట, నాటిక ఇంటి నడిమింటికే వచ్చినవి. 1945లో వారు ‘బాల’ పత్రికను కూడ వెలువరించినారు. వినుట చదువులో తొలి మెట్టని వేలాది ఇండ్లు అట్లు తెలిసికొన్నవి.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది స్వల్పము. ముందు మాట, కథ, పిదప చేతిపని, ఆ పిదప అక్షరము. ఒక పళ్లెములో సన్నని ఇసుక పోసినచో చాలును. 56 అక్షరములు వరుసగా మొదలుపెట్టుటకంటె బిడ్డ తన పేరులోని అక్షరముతో మొదలుపెట్టుట మేలు. చింతగింజలతో లెక్క, పప్పు ఏరుటలో వేళ్లకు నేర్పు, కూరగాయల సంచిలో పేర్లు, రంగులు లభించును. నైటు షిఫ్టు దిగిన తండ్రి నిద్ర లేచిన తరువాత ఒక పావుగంట కథ చెప్పినను అది పాఠమే. బిడ్డ అడిగినప్పుడు చెప్పవలెను. ముఖము త్రిప్పినప్పుడు ఆపవలెను. ఎంత చురుకైన బిడ్డకైనను ఈడుపిల్లలతో ఆట తప్పనిసరి. తన వంతుకై వేచియుండుట పుస్తకము నేర్పదు.

చట్టమును మనలను తొందరపెట్టుట లేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము చెప్పిన నిర్బంధ విద్య ఆరేండ్లనుండి పదునాలుగేండ్ల వరకే. 2020నాటి జాతీయ విద్యావిధానము మూడునుండి ఎనిమిదేండ్ల కాలమును ఒకే పునాది దశగా చేర్చి, అందులో ఆటపాటల బోధనకు ప్రాముఖ్యమిచ్చినది. బియ్యములో వేలు పట్టి దిద్దించిన మన పెద్దలు ఐదవ ఏటివరకు ఆగినారు. ఆ ఐదేండ్లును ఇంటివి. అవి పరీక్షకు తయారుచేయు ఏండ్లు కావు. బిడ్డ అడుగు ప్రశ్నకు ఇంటిలో ఎవరో ఒకరు బదులు పలుకవలసిన ఏండ్లు.