కపిల నుంచి ఫుట్ వాల్వు దాకా

బళ్లారి ప్రాంతంలో బావి సేద్యానికి ఒకప్పుడు కపిలే ఆధారం. కన్నడంలోనూ అది 'కపిలె'యే. ఆయిల్ ఇంజను వచ్చాక 'ఫుట్ వాల్వు' రెండు భాషల్లోనూ చేరింది. గొట్టం అడుగున ఉండే ఈ మూత నీటిని పైకి పోనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. అది కారితే పంపు గాలినే తిప్పుతుంది. మళ్లీ నీళ్లు పోసి నింపాలి. పేడనీళ్లతో సందులు పూడ్చడం మన రైతులెరిగిన విద్యే!

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచాయి. బళ్లారితో సహా తక్కినవి మైసూరులో కలిశాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తిపదకోశం (1962) ఆంధ్రప్రదేశ్ జిల్లాల మాటలను సేకరించింది. బళ్లారి తెలుగు రైతు కపిల భాగాలను ఏమని పిలిచాడో మేమిప్పుడు వృద్ధులనే అడగాలి.