చుక్కలు లెక్కపెట్టినవాడి బరువు లెక్క

లైలాక్ అనే పూలపొద చలిదేశాల్లో వసంతం వచ్చిందని చెబుతుంది. బ్రసెల్స్‌లో అది ఎప్పుడు పూస్తుందో చెప్పడానికి 19వ శతాబ్దంలో ఒకాయన సూత్రం కట్టాడు. మంచు పేరుకున్న చివరి రోజు దాటాక, ప్రతిరోజూ సగటు ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో తీసుకుని వర్గం చేసి కూడుకుంటూ పోవాలి. మొత్తం 4,264కు చేరితే పొద పూస్తుంది. ఈ లెక్క చదివి మురిసిపోయి, ఎవరీయన అని వెతికాను. ఇవాళ డాక్టరు చీటీ మీద మన పేరు పక్కన పడే బీఎంఐ, అంటే బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, కూడా ఆయన లెక్కేనట! పువ్వుకూ వర్గమే, మనిషికీ వర్గమే.

అడాల్ఫ్ కెత్లే 1796లో, ఇప్పటి బెల్జియంలోని గెంట్‌లో పుట్టాడు. కుర్రతనంలో స్నేహితుడితో కలిసి ఒక సంగీత నాటకం రాశాడు. తర్వాత లెక్కల పంతులయ్యాడు. బ్రసెల్స్‌లో వేధశాల కట్టించాలని పట్టుబట్టి, ఆ పని నేర్చుకోవడానికి 1823లో పారిస్ వెళ్లాడు. ఏటా ఆగస్టులో ఉల్కలు రాలతాయని గుర్తించిన తొలితరం వాళ్లలో ఈయనా ఒకడు. కానీ పారిస్‌లో ఆయనకు అసలు ఒంటబట్టింది సంభావ్యత గణితం. ఒకే నక్షత్రం స్థానాన్ని పదిమంది కొలిస్తే పది అంకెలొస్తాయి. ఆ తేడాలు అసలు విలువకు అటూ ఇటూ ఒక క్రమంలో సర్దుకుంటాయి. మనుషుల్లోనూ ఆ క్రమం ఉంటుందా అన్నదే కెత్లేను పట్టుకున్న ప్రశ్న.

స్కాట్లాండ్ సైనికులు 5,738 మంది ఛాతీ కొలతలు ఆయన చేతికొచ్చాయి. వాటిని పేర్చి చూస్తే నక్షత్రాల తేడాల్లో కనిపించిన గంట ఆకారమే వచ్చింది. సుమారు 40 అంగుళాల దగ్గర ఎక్కువమంది, రెండు కొసలకూ పోయేకొద్దీ తక్కువమంది. ఫ్రాన్సులో సైన్యానికి పిలిచిన యువకుల ఎత్తులూ అలాగే పేర్చాడు. అక్కడ 157 సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్లకు సైన్యం తప్పేది. ఆ గీతకు కాస్త కింద ఉండాల్సినదానికంటే ఎక్కువమంది, కాస్త పైన తక్కువమంది కనిపించారు. సైన్యం తప్పించుకోవడానికి ఎత్తు తగ్గించి రాయించుకున్నారని కెత్లే తేల్చాడు. ఒక్క మనిషినీ కళ్లారా చూడకుండా, వరస చూసి దొంగలెక్క పట్టేశాడు!

1835లో మనిషి ఎదుగుదల మీద వెలువరించిన గ్రంథంలో బరువు సంగతి తేల్చాడు. మనిషి అన్ని వైపులా సమంగా పెరిగితే బరువు ఎత్తు ఘనంతో పాటు పెరగాలి. కానీ ఎదిగిన మనుషుల్లో అది సుమారుగా ఎత్తు వర్గంతోనే పెరుగుతోంది. ఎదిగే పిల్లలకు వేరే సూత్రం ఇచ్చాడు. స్థూలకాయం ఆయన ప్రశ్నే కాదు, ఎవరినీ లావు అనలేదు, సన్నం అనలేదు. అదే గ్రంథంలో నాడి, ఊపిరి, చేతిబలం కూడా వయసుల వారీగా కొలిచి పెట్టాడు. అన్ని కొలతల్లోంచి మనకు మిగిలింది ఒక్క భాగహారం.

తర్వాతి వందేళ్లూ ఆ సూత్రం బరువు తూచే పనికి రాలేదు. 20వ శతాబ్దంలో మనుషుల బరువు పట్టించుకున్నది జీవిత బీమా వ్యాపారం. ఏ బరువువాడు ఎన్నాళ్లు బతుకుతాడో తెలిస్తేనే ప్రీమియం కట్టించుకోగలరు. 1940ల్లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ లైఫ్ సంస్థ, లూయీ డబ్లిన్ నేతృత్వంలో, ఎత్తుకు తగ్గ బరువుల పట్టికలు అచ్చువేసింది. ఒళ్లు చిన్నదా, మధ్యస్థమా, పెద్దదా అని మూడు గళ్లు పెట్టింది కానీ, ఎవరు ఏ గడిలోకి వస్తారో చెప్పలేదు.

1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఈ గజిబిజిని తొలగించాలనుకున్నాడు. అయిదు దేశాలకు చెందిన ఏడువేల పైచిలుకు మగవాళ్ల కొలతలతో రకరకాల సూత్రాలు పోల్చి, కెత్లే పద్ధతే సులువని తేల్చి, బీఎంఐ అని పేరు పెట్టాడు. అందులో ఆడవాళ్లు లేరు. భారతీయులూ లేరు.

అదే 1972లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా, పల్లెల్లో జనం తిండినీ ఒంటి కొలతలనూ గమనించే విభాగం మొదలైంది. తర్వాతి కాలంలో ఆ సర్వేలు ఈ సూచికతో లావును కాదు, ఆకలిని కొలిచాయి. 18.5కు తగ్గితే దీర్ఘకాలిక శక్తిలోపమని రాసుకున్నారు. కెత్లే లెక్క మన నేల మీద చేసిన అతి మంచి పని ఇదేనని నా నమ్మకం.

2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఫొటోలు పక్కపక్కన అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే అంకె వెనక రెండు వేర్వేరు దేహాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత ప్రకారం 25 నుంచి అధిక బరువు. 2009లో మన దేశపు నిపుణులు ఆ గీతను 23కు దించి, 25 నుంచి స్థూలకాయం అన్నారు.

లెక్క తేలికే. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. 160 సెంటీమీటర్ల మనిషి 64 కిలోలుంటే, 64ను 2.56తో భాగిస్తే 25. అదే ఎత్తుకు 47.5 నుంచి 58.5 కిలోల దాకా మన గీతల్లో ఆరోగ్యకరం. అయితే గుంపును చదవడానికి పుట్టిన ఈ సూత్రం కండకూ కొవ్వుకూ తేడా చెప్పలేదు. అందుకే దర్జీ టేపు తీసి నడుము కూడా కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, బీఎంఐ ఎంతున్నా, వైద్యుణ్ని కలిసి చక్కెర, రక్తపోటు చూపించుకోండి.