మోటుపల్లి నుండి ముత్‌ఫిలి వరకు

హైదరాబాదు పాతబస్తీలో ఉర్దూవారు ‘షా అలీ బండా’ అని రాసే పేటను తెలుగువారు శాలిబండ అంటారు. పేరు ఏ భాషవారి నోట నడిచిందో దాని అక్షరాలే చెబుతాయి. ఏడు వందల ఏళ్ల క్రితం ఒక తెలుగు రేవు పేరు కూడా ఇలాగే మారి, సముద్రాలు దాటి ఐరోపా చేరింది.

క్రీ.శ. 1298 (హి. 697-98)లో జెనోవా చెరలో ఉన్న వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన యాత్రావిశేషాలు చెప్పగా, పీసా వాసి రుస్తికెల్లో వాటిని ఇటాలియన్ కలిసిన పాత ఫ్రెంచిలో రాశాడు. అందులో ‘ముత్‌ఫిలి’ అనే రాజ్యం ఉంది. అక్కడి వజ్రాలు, సాలెగూడు వంటి సన్నని బట్టలు, న్యాయంగా పాలించిన రాణి - ఇవన్నీ కాకతీయ రుద్రమదేవి రాజ్యాన్నే సూచిస్తాయి. ముత్‌ఫిలి అంటే నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అని చరిత్రకారులు నిర్ణయించారు.

మరి ‘ప’ కాస్తా ‘ఫ’ ఎలా అయింది? ఫ్రెంచిలోనూ ఇటాలియన్‌లోనూ ‘ప’ ఉంది. అది లేనిది అరబ్బీలో. ‘పార్స్’ను ‘ఫార్స్’ చేసిన నాలుకే ‘పల్లి’ని ‘ఫిలి’ చేసిందని భావించడం సమంజసం. రాజ్యానికి రేవు పేరు పెట్టడం కూడా దీనికి బలమిస్తుంది. నేలదారిన వచ్చిన ఢిల్లీవారి చరిత్రకారులు ఈ దేశాన్ని ‘తిలంగ్’ అన్నారు. ఓడల వారికి రేవే దేశం. దీనికి దక్షిణాన ఉన్న తీరాన్ని పోలో ‘మాబర్’ అన్నాడు. అదీ దాటే చోటు అనే అర్థమున్న అరబ్బీ మాటే.

ఆ ఓడలు మోటుపల్లికి రావడానికి కారణముంది. పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకునేవారు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి ఆ పద్ధతి మాన్పించాడు. ముప్పయ్యింట ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని మాట ఇచ్చాడు.

పోలో విన్నదంతా నిజం కాదు. రుద్రమదేవిని ఆయన మృతుడైన రాజు భార్య అన్నాడు. ఆమె రాజు కుమార్తె. చుట్టరికం తప్పినా రేవు పేరు మాత్రం నిలిచింది. 1375 నాటి కాటలాన్ పటంలో అది ‘బుతిఫిలిస్’ అయింది. ‘మ’ పోయి ‘బ’ వచ్చినా, ‘ఫ’ అలాగే ఉంది.

ఆ పేరును చేరవేసిన నావికులెవరో పోలో చెప్పలేదు. ఐరోపా గ్రంథంలో, పటంలో మిగిలిన ఆ ఒక్క అక్షరమే వారికి సాక్ష్యం.