చూపులేని తమ్ముడు దాచిన అవ్వల పాటలు



తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఒకప్పుడు బాగా ఖరీదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు ఎన్‌వీడీఏ మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చాడు. అందుకే అది మా హాస్టల్ దాకా వచ్చింది.

ఊళ్లో అవ్వల దగ్గర మేం రికార్డు చేసిన పాటలు, పెన్‌డ్రైవ్ పాడై సగం పోయాయి. మిగిలినవి దాచడానికి మా రూమ్‌లో చూపులేని తమ్ముడే కూర్చున్నాడు. విండోస్, ఆర్ కలిపి నొక్కి, రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు కొట్టాడు. కాలేజీ నెట్‌వర్క్ డ్రైవ్ తెరుచుకుంది. ఫోల్డర్ కాపీ చేసి, యారో కీలతో ఒక్కో ఫైలు పేరూ విని సరిచూశాడు.

మన చరిత్ర పుస్తకాల్లో తక్కువ, పెద్దల నోట్లోనే ఎక్కువ. ఆ అవ్వల్లో ఒకరు ఇప్పుడు లేరు. ఆమె గొంతు మాత్రం సర్వర్‌లో ఉంది. మీ దగ్గరున్నవి కూడా రెండు చోట్ల దాచండి.

జై ఆదివాసీ.