కోర్టు కాగితం - మన తెలుగు



అర్జీ, వకాల్తా, జామీను, నకలు. ఈ మాటలు ఫారసీ కచేరీల కాలంలో వచ్చి మన నాలుకల మీద స్థిరపడ్డాయి. బళ్ళారి కన్నడిగుడిని అడగండి, హోసూరు తమిళుణ్ణి అడగండి, పర్లాకిమిడి ఒడియా ఆయన్ను అడగండి, జామీను అంటే అందరికీ తెలుసు. మాటకు సరిహద్దు లేదు. లిపికి మాత్రం ఉంది.

1936లో పర్లాకిమిడి ఒడిషాలో కలిసింది. 1953లో బళ్ళారి మైసూరుకు, 1960లో తిరుత్తణి మద్రాసుకు వెళ్ళాయి. ఇళ్ళు కదలలేదు గాని రాష్ట్రం మారింది. హైకోర్టు తప్ప మిగిలిన కోర్టుల భాషను నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమే. మరి క్రిమినల్ కేసులో చిక్కుకున్న తెలుగువాడి గతి ఏమిటి?

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడే దీనికి రెండు దారులు చూపింది. సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో ఉంటే, అతను హాజరై ఉన్నప్పుడు, బహిరంగ కోర్టులోనే తెలిసిన భాషలో వినిపించాలి. తీర్పు నకలును అతను కోరితే, వీలైన పక్షంలో సొంత భాషలోకి తర్జుమా చేసి ఇవ్వాలి. 1973 కోడ్ ఈ రెంటినీ నిలిపింది. 2024 జూలై 1న అమలుకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఇవి 314, 404 సెక్షన్లుగా ఉన్నాయి.

తేడా గమనించారా? మొదటిది కోర్టు తనంతట తాను చేయవలసిన పని. రెండోది మనం అడిగితేనే జరిగే పని.

అందుకని అర్జీ మీద సంతకం పెట్టేముందు ప్లీడరు గారి చేత అందులో ఏముందో తెలుగులో చెప్పించుకోండి. ఏ కోర్టుకు రాశారు? క్రైం నంబరు, సెక్షన్లు సరిగ్గా ఉన్నాయా? జరిగిన సంగతులు మీరు చెప్పినట్టే ఉన్నాయా? చివర 'ప్రార్థన' అనే చోట ఏమి కోరారు? జామీను కావాలా, నకలు కావాలా, వాయిదా కావాలా అన్నది తేలేది అక్కడే. సంతకం తెలుగులోనే చేయవచ్చు, సిగ్గుపడనక్కరలేదు.

శిక్ష పడితే అప్పీలుకు గడువు సెషన్సు కోర్టుకైతే 30 రోజులు. హైకోర్టుకైతే 60 రోజులు, ఉరిశిక్ష మీదైతే 30 రోజులే. తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని ఇందులో లెక్కించరు. కాబట్టి నకలు అర్జీని వెంటనే పెట్టాలి. జైల్లో ఉన్నవారు అప్పీలు అర్జీని జైలు అధికారికి ఇస్తే చాలు, కోర్టుకు పంపవలసిన బాధ్యత ఆయనది. ప్లీడరును పెట్టుకునే శక్తి లేదా? 1987 నాటి న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం కోరవచ్చు.

చదువురాని ముసలాయన వేలిముద్ర వేసే కాగితంలో ఏముందో ఆయనకు తెలియాలి. మీ ఊళ్ళో ఎవరికైనా సమన్లు వస్తే, పక్కన కూర్చుని చదివి చెప్పండి. తీర్పు వస్తే తెలుగు తర్జుమా అడగమనండి. ఆ మాట చట్టంలో నూరేళ్ళకు పైగా ఉంది.