చేతికర్ర మీద గెంతిన బాతు

1989లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 'డక్‌టేల్స్' అనే వీడియో గేమ్ తెచ్చింది. దానికి మూలమైన డిస్నీ కార్టూన్‌లో ముసలి బాతు స్క్రూజ్ చేతికర్ర షావుకారు దర్పానికి గుర్తు. ఆటలో ఆ కర్రే ఆయుధం. ఎగిరి గాల్లో ఉన్నప్పుడు కింది బాణం, బి బటన్ కలిపి నొక్కితే స్క్రూజ్ కర్ర మీద బంతిలా గెంతుతాడు. శత్రువు నెత్తిన పడితే వాడు చిత్తు. ముళ్ల మీద పడినా తనకేమీ కాదు. హిమాలయాల దశలో మాత్రం కర్ర మంచులో దిగబడిపోతుంది.

కార్టూన్ పేరు పెట్టుకున్న ఆటల్లో చాలావాటికి ఆ పాత్ర ముఖమే పెట్టుబడి. ఇక్కడ పాత్ర స్వభావమే ఆటగా మారింది. ఈ ఆట 16 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. 1990లో అదే కంపెనీ 'చిప్ అండ్ డేల్' తెచ్చింది. రెండు బుల్లి ఉడుతలు, ఇద్దరు ఆటగాళ్లు. పెట్టెలు విసిరి శత్రువుల్ని కొట్టొచ్చు, తోటివాణ్ణి కూడా ఎత్తి అవతల పడేయొచ్చు. అన్నదమ్ముల మధ్య తగవు పెట్టడానికి ఇంతకన్నా మంచి ఆట రాలేదు.

ఈ ఆటలు ఆడే నింటెండో యంత్రం మన దేశంలో 'సమురాయ్' పేరుతో అమ్ముడైనా, మామూలు ఇళ్లకు చేరింది దాని చవక నకళ్లే. ఈ విదేశీ సరుకుకు మద్రాసు బర్మా బజారు పేరుమోసిన చోటు. నెల్లూరు వాళ్లకు అది రైలెక్కితే చేరే దూరం. నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్ల అవతల కొండకోట కింద ఉన్న ఉదయగిరి, ముంబయి రోడ్డు మీది ఆత్మకూరు లాంటి మెట్ట ఊళ్లకు ఏ కొత్త వస్తువైనా నెల్లూరు దాటుకుని రావాల్సిందే. ఆ రోజుల్లో డక్‌టేల్స్ కార్టూన్ ఆదివారాలు దూరదర్శన్‌లో హిందీలో వచ్చేది. భాష తెలియని తెలుగు పిల్లలకు కూడా ఆ బాతు ముఖం పరిచయమే.

నకలు యంత్రంతో రెండు రిమోట్లు, ఒక తుపాకీ వచ్చేవి. యాంటెన్నా తీగ పీకి దాని తీగ గుచ్చి, బొమ్మ కుదిరేదాకా టీవీ ఛానెల్ తిప్పాలి. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉంటుంది. లోపలున్నవి కొన్ని పదులే, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. బొమ్మ చెదిరితే క్యాసెట్ తీసి నోటితో ఊదడం ఊరూరా ఒకటే వైద్యం. నోటి తేమకు లోపలి పిన్నులు తుప్పు పడతాయని, ఊదొద్దని నింటెండోయే చెప్పింది. ఆ మాట చెప్పే పుస్తకం నకళ్లతో రాలేదు.

మన దేశపు కథానాయకుడు ఇలాంటి ఆట యంత్రం, అంటే కన్సోల్, ఎక్కడానికి 2009 దాకా పట్టింది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా దానికి పేరు. దేవుణ్ణి బటన్లతో ఆడించడమేమిటని అమెరికాలోని హిందూ సంఘం ఒకటి అభ్యంతరం చెప్పింది. సమీక్షకులు ఆట తీరునే తప్పుపట్టారు. లంఘనానికే పేరైన హనుమంతుడి చేత క్యాప్‌కామ్ బాతును మించి గెంతించి ఉండాల్సింది. అయినా చిన్న జట్టు కన్సోల్‌కు ఆట చేసి చూపడం చిన్న పని కాదు. అదే ఏడు హైదరాబాద్‌దే అయిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా'లో కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు పెట్టింది.

హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ చేసిన 'ఛోటా భీమ్' 2008లో పోగో ఛానెల్‌కు ఎక్కి దేశమంతా తిరిగింది. అతని ఆటలకు మాత్రం ఎక్కువగా ఫోన్లే ఇల్లయ్యాయి. 2017లో క్యాప్‌కామ్ డక్‌టేల్స్‌నూ ఉడుతల్నీ ఒకే సంపుటిగా కొత్త కన్సోళ్ల కోసం మళ్లీ విడుదల చేసింది. తప్పు చేస్తే ఆటను వెనక్కి తిప్పుకునే బటన్ కూడా ఇచ్చింది. హనుమాన్, దేశీ అడ్డా డిస్కులు ఆడాలంటే ఇప్పటికీ పాత యంత్రం వెతుక్కోవాలి.