కూల్‌డ్రింకుకు ఒకటే పేరు, అంబలికి సీమకో పేరు

పొందూరు అనగానే సన్నఖాదీ గుర్తొస్తుంది. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, రాట్నం మీద నూలు వడకడం ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా వస్తున్న పని. పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చునే మనిషికి వేసవిలో ఆకలి, దాహం ఒక్కసారే తీర్చేది చోడంబలి. ఊరి చరిత్రలో నూలుకున్న చోటు ఈ అంబలికీ దక్కాలి.

చోడిపిండిని రాత్రే నీళ్లలో కలిపి పులియబెడతారు. మర్నాడు ఉడుకుతున్న నూకల్లో పోసి కాస్తారు. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగుతారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ గింజలు చోళ్లు. రాయలసీమలో అవే రాగులు, తెలంగాణలో తైదలు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే మాండియా. గింజ పేరు మారిన చోటల్లా తాగేదాని పేరూ మారింది: చోడంబలి, రాగిజావ, తైదంబలి. సుగంధిపాల వేరుతో చేసే షర్బత్తుదీ ఇదే తీరు. కోస్తాలో సుగంధి అంటే, సీమలో నన్నారి అంటారు.

తెలుగునాట సీసాలో వచ్చిన పానీయానికి మాత్రం ఇన్ని పేర్లు లేవు.

మొదట వచ్చింది గోలీసోడా. మెడలో గాజుగోలీ ఇరుక్కుని గ్యాసును బిగబట్టే ఆ సీసాను 1870లలో ఇంగ్లండులో హైరమ్ కాడ్ తయారుచేశాడు. తెలుగునాట సోడా అంటే తీపి లేని గ్యాసునీళ్లే. తీపి, పులుపు కావాలంటే నిమ్మకాయ పిండించుకోవాలి. అమెరికాలో ఈశాన్య రాష్ట్రాలవాళ్లకు సోడా అంటే తియ్యటి డ్రింకు. అక్కడే మధ్య పశ్చిమాన దాన్ని పాప్ అంటారు. కోకాకోలా పుట్టిన దక్షిణాదిలో చాలామందికి ఏ డ్రింకైనా కోకే. ఉద్యోగాలకు వెళ్లిన మన పిల్లలు ఈ తేడాను అక్కడి హోటళ్లలోనే నేర్చుకుంటారు.

మనకూ సొంత కంపెనీలు లేకపోలేదు. గోదావరి సీమలోని రామచంద్రపురంలో 1919లో మొదలైన వ్యాపారమే తర్వాత ఆర్టోస్‌గా పేరు తెచ్చుకుంది. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లింది. ఆ ఏడే థమ్సప్ వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్సప్‌నే కొనేసింది. ఎన్ని బ్రాండ్లు మారినా, ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా కొట్టు ముందు నిలబడి అడిగే మాట కూల్‌డ్రింకే. పత్రికలు రాసే శీతల పానీయం పేపరు దాటి బయటికి రాలేదు. తమిళ పల్లెల్లో మాత్రం కలర్ అనే పాతమాట నిలిచింది.

కంపెనీ సరుకు తన పేరును తనతోనే తెచ్చుకుంటుంది. ఇంట్లో కాచుకున్నదానికి నేలను బట్టి పేరొస్తుంది, ఆ పంట తగ్గితే మాట కూడా పలచబడుతుంది. ఇప్పుడు పొందూరు కిరాణా కొట్లలో ప్యాకెట్టు మీద ఉండేది రాగిపిండే, చోడిపిండి కాదు. బడిపిల్లలు ఊరి చరిత్ర రాసేటప్పుడు ఖాదీతోపాటు తమ ఇళ్లలో అమ్మమ్మలు, మామ్మలు వాడే తిండిగింజల పేర్లు కూడా అడిగి రాసిపెట్టాలి. ఉపాధ్యాయులు ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టించాలి.